ఆదివారం మేడ మీద సమావేశం: మనసు ఆరోగ్యం

అపార్ట్‌మెంట్ వాసులందరికీ నమస్కారం.

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం కాబట్టి, ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన మేడ మీద అందరం గంటసేపు కూర్చొని ఈ విషయం మాట్లాడుకుందాం. ప్రతి ఇంటి నుంచి కనీసం ఒకరు తప్పక రావాలని, వచ్చేవారు శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబరు ఇక్కడ తెలియజేయాలని మనవి.

నెల్లూరులో కోచింగ్ చదువుల ఒత్తిడి మోస్తున్న పిల్లలూ, బిడ్డలు దూరదేశాలకు వెళ్లగా ఒంటరిగా మిగిలిన పెద్దలూ మన మధ్యనే ఉన్నారు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే, దానిని బద్ధకమనో పొగరనో కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించాలి. షుగరుకు, బీపీకి మందులు వాడటంలో లేని సిగ్గు దీనికెందుకు?

సొంత సంగతులు చెప్పమని ఎవరినీ అడగము. అయితే అక్కడ విన్నవి దయచేసి గ్రూపులో రాయవద్దు.

చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే వారిని ఒంటరిగా వదలకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇప్పుడే ఫోనులో దాచుకోండి.