నవంబర్ 19: గ్రోటన్‌కి ఎవరెవరు వస్తున్నారు?

అందరికీ నమస్కారమండీ 🙏

19న ఉదయం పదిన్నరకి గ్రోటన్ (అమెరికా, కనెక్టికట్) సబ్‌మెరైన్ స్మారకం దగ్గర కలుద్దాం. ఈసారి మనం తలుచుకునేది అమెరికా సబ్‌మెరైన్ స్కల్పిన్‌లో ఉన్న నేవీ అధికారి కెప్టెన్ జాన్ క్రామ్‌వెల్‌ని.

1943లో ఇదే తేదీన, పసిఫిక్‌లోని ట్రక్ దీవుల దగ్గర, జపాన్ డిస్ట్రాయర్ (యుద్ధనౌక) దాడిలో స్కల్పిన్ బాగా దెబ్బతింది. లోతు చూపే ముల్లు 125 అడుగుల దగ్గర ఇరుక్కుపోయింది. అది చూసి ఇంకా లోతులోనే ఉన్నామనుకుంటూ శత్రువు కళ్లెదుటే పైకి తేలారు! చివరికి ఓడను వదిలేయమన్నారు. క్రామ్‌వెల్ మాత్రం దిగలేదు. తరావా దీవి మీద అమెరికా దాడి పథకం, జపాన్ రహస్య సంకేతాలను అమెరికా చదువుతున్న సంగతి ఆయనకు తెలుసు. పట్టుబడితే హింసించి చెప్పిస్తారని ఓడతోపాటే మునిగిపోయారు. అమెరికా సైన్యపు అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మరణానంతరం ఇచ్చారు.

స్కల్పిన్‌ నుంచి బందీలైనవాళ్లలో సగంమందిని తీసుకెళ్తున్న జపాన్ ఓడను ముంచింది మరో అమెరికా సబ్‌మెరైన్ సెయిల్‌ఫిష్. 1939లో ఆ సెయిల్‌ఫిష్ మునిగినప్పుడు (అప్పటి పేరు స్క్వాలస్; తర్వాత పైకి తీసి బాగుచేశారు) జాడ పట్టింది స్కల్పినే. ఎంత ఘోరమో చూడండి.

వచ్చేవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో కూడా.
పిల్లలకి ఈ కథ ముందే చెప్పి తీసుకురండి.
పూలు నేను తెస్తాను, టిఫిన్ ఎవరిది?

నది ఒడ్డున చలి గాలి. స్వెటర్లు మర్చిపోవద్దు, పోయినసారిలా నా శాలువా మీద పడకండి 😄