మూల స్టూలు మీద కూర్చున్న అక్కకి

విశాఖ మద్దిలపాలెంలో మేం ఏడెనిమిది మందిమి మధ్యాహ్నాలు ఒకచోట చేరి కుట్టుకుంటాం. ఒకావిడకి వరలక్ష్మీ వ్రతానికి కుట్టి ఇవ్వాల్సిన పట్టు జాకెట్టుకి ఒక చెయ్యి రెండంగుళాలు పొట్టిగా కత్తిరించేశాను. గుడ్డ మిగల్లేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఎవరికోసమో వచ్చి మూల కూర్చున్న మీరు "ఏటయిందమ్మా, ఇలా తే" అన్నారు. రెండో చెయ్యీ అంతే పొట్టిగా కత్తిరించి, పూర్ణా మార్కెట్ నుంచి జరీ అంచు తెప్పించి రెండింటికీ వేయించారు.

ఇంతలో నా మిషను కింద దారం గూడు కట్టింది. అందరం కింది దారం చుట్టే బాబిన్‌నే తిట్టుకున్నాం. తప్పు పై దారానిదట! గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి ఎక్కిస్తేనే ఆ దారం, దాన్ని బిగించి పట్టే టెన్షన్ ప్లేట్ల మధ్య కూర్చుంటుందని చూపించారు. (అసలు టెన్షన్ నాదే అనుకోండి.) పట్టుకి అంత లావు 16 నంబరు సూదేంటని మందలించి సన్నటి 11 వేయించారు.

హుక్కులు ఒకరు, హెమ్మింగ్ ఒకరు, ఇస్త్రీ ఇంకొకరు అందుకున్నారు. రాత్రి ఎనిమిదికి జాకెట్టు వెళ్లిపోయింది. ఆవిడ అంచు ఫ్యాషనే అనుకుంది, నేనూ నోరు మెదపలేదు.

ఆ హడావుడిలో మీ పేరు అడగలేదు, క్షమించండి. చాలా థాంక్స్ అక్కా. మీ చిన్న కత్తెర మా డబ్బాలోనే ఉంది, ఎప్పుడొచ్చినా ఇస్తాం. టీ తాగి వెళ్లాలి మరి.