పాత ఇంగ్లీషు మాటలకు ఆధారాలు కూడా అచ్చు వేయండి

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో కొంతకాలంగా వస్తున్న, వాడుక తప్పిన ఇంగ్లీషు మాటలను పరిచయం చేసే శీర్షికను నేను వదలకుండా చదువుతున్నాను. పోటీ పరీక్షలకు అక్కరకు వచ్చేదే భాష అనుకుంటున్న రోజుల్లో, ఎవరికీ ఉద్యోగం తెచ్చిపెట్టని మాటలకు అంత చోటు ఇవ్వడం మెచ్చుకోదగిన పని. అయితే అందులో మాట, దాని అర్థం, దాని వెనుక ఒక ముచ్చటైన కథ ఉంటున్నాయి గానీ, ఆ మాట ఏ కాలంలో, ఏ రచనలో, ఏ సందర్భంలో కనిపించిందన్న సంగతి ఉండడం లేదు. చూడటానికి చిన్న లోటే అయినా, దానివల్ల నిజమైన వ్యుత్పత్తికీ కట్టుకథకూ తేడా తెలియకుండా పోతున్నది.

వాడుకలో ఉన్న మాటే అయినా, దర్జాగా ఉండేదన్న అర్థం గల ‘పాష్’ సంగతి చూడండి. బ్రిటన్ నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో డబ్బున్నవారు ఎండ తగలకుండా వచ్చేటప్పుడు ఎడమవైపు గదులు, తిరుగు ప్రయాణంలో కుడివైపు గదులు తీసుకునేవారనీ, వారి టికెట్ల మీద ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అన్న మాటల తొలి అక్షరాలను ముద్ర వేసేవారనీ, అదే ‘పాష్’ అయిందనీ చెబుతారు. మన దేశం ప్రసక్తి ఉన్నందువల్ల కాబోలు, ఈ కథ మనవాళ్లకు మరీ ఇష్టం. కానీ ఆ ఓడలు నడిపిన పి అండ్ ఓ కంపెనీ కాగితాల్లో గానీ, మిగిలి ఉన్న టికెట్లలో గానీ అటువంటి ముద్ర ఒక్కటైనా ఇంతవరకు బయటపడలేదు. 19వ శతాబ్దపు వీధి భాషలో ఈ మాటకు అరపెన్నీ నాణెం అన్న అర్థం ఉండేది. జిప్సీల రోమానీ భాషలో దానికి ‘సగం’ అని అర్థం. ఆ శతాబ్దం చివరికి షోకిలారాయుడికి కూడా ఈ పేరు ఉన్నట్లు ఆధారం దొరికింది. వీటిలో దేని నుంచి నేటి అర్థం వచ్చిందో నిఘంటుకారులు తేల్చలేదు, తేల్చలేదనే చెప్పారు. మాటల తొలి అక్షరాలు కూర్చి కొత్త పదం చేయడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు కాబట్టి, ఏ పాత మాటకైనా ఇటువంటి పుట్టుక చెబితే అనుమానించడం మేలు.

ఈ అనుమానాన్ని ఒక పద్ధతిగా మార్చినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో మొదలైన ఆలోచనకు 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యారు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన పాఠకులు తాము చదివిన పుస్తకాల్లో మాట కనిపించిన వాక్యాన్ని, పుస్తకం పేరును, సంవత్సరాన్ని ఒక చీటీ మీద రాసి పంపేవారు. తొలి భాగం 1884లో వెలువడింది. పని పూర్తయ్యేసరికి 1928 వచ్చింది, అప్పటికి మర్రే కాలం చేసి 13 ఏళ్లయింది. వాడుక తప్పిన మాట పక్కన అందులో ఒక చిన్న బాకు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్న మాటకు కూడా, ఇంకా వాడుతున్న మాటకు చూపినట్లే ప్రయోగాలు చూపించారు. సూర్యరాయాంధ్ర నిఘంటువులో కావ్య ప్రయోగాలను చూసి అర్థం తేల్చుకునే అలవాటు ఉన్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఆధారం అడగకపోతే పెద్ద నిఘంటువులు కూడా బోల్తా పడతాయి. సాంద్రతకు సంక్షిప్తంగా పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ వాడవచ్చునని ఎవరో చీటీ రాస్తే, ‘డి ఆర్ డి’ (‘ఆర్’ అంటే ‘లేదా’) అన్న ఆ మూడు ముక్కల మధ్య ఖాళీలు మూసుకుపోయి, 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డార్డ్’ అనే మాట సాంద్రత అన్న అర్థంతో అచ్చయింది. దానికి వ్యుత్పత్తి లేకపోవడాన్ని 1939లో ఒక సంపాదకుడు గమనించాకే గుట్టు బయటపడింది.

సందర్భం చెబితే మాటకు విలువ తగ్గదు, పెరుగుతుంది. ‘ఉహ్ట్‌చేఅరె’ అనే ప్రాచీన ఇంగ్లీషు మాటను, తెల్లవారుజామున మెలకువ వచ్చి ఆఫీసు పనుల గురించి దిగులు పడటం అన్నట్లుగా ఎక్కడ చూసినా తిప్పుతున్నారు. ‘ఉహ్ట్’ అంటే తెల్లవారడానికి ముందరి చీకటి వేళ. రెండో భాగం నేటి ‘కేర్’కు చుట్టం. ఎక్సెటర్ కెథీడ్రల్‌లో భద్రపరచిన 10వ శతాబ్దపు చేతిరాత ప్రతిలో, అలల మీదుగా దూరం వెళ్లిపోయిన భర్త ఏ దేశాన ఉన్నాడో తెలియక కుమిలిపోయే ఒక స్త్రీ విలాపగీతంలో ఈ మాట ఉంది. ఆ సంగతి తెలిశాక దానిని సోమవారం ఉదయపు విసుగుకు అంటగట్టడానికి మనసు ఒప్పదు.

ఇంతకన్నా మన పాఠకులకు దగ్గరగా ఉండి కూడా మీ శీర్షికలో ఇంతవరకు కనిపించని మాట ‘జెంటూ’. పోర్చుగీసువారు ముస్లిములను ‘మూర్లు’ అనీ, హిందువులను అన్యమతస్థులన్న అర్థంలో ‘జెంటియో’ అనీ పిలిచేవారు. ఇంగ్లీషువారి నోట అది ‘జెంటూ’ అయింది. వారన్ హేస్టింగ్స్ పూనికతో పండితులు కూర్చిన ధర్మశాస్త్ర సంకలనాన్ని హాల్‌హెడ్ పారశీకం మీదుగా ఇంగ్లీషులోకి తెచ్చి 1776లో ప్రచురించినప్పుడు దానికి జెంటూ చట్టాలనే పేరు పెట్టారు. అక్కడ జెంటూలంటే హిందువులు. మద్రాసులో మాత్రం ఆ మాటకు అర్థం కుంచించుకుపోయి తెలుగువారికీ తెలుగు భాషకూ పేరైంది. తమిళులను అప్పట్లో ఇంగ్లీషువారు ‘మలబారులు’ అనేవారు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణం ముఖపత్రం మీద ‘సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాష’ అని ఉంటుంది. ఒక మాట వెనక్కి తగ్గుతూ మరొకటి ముందుకు రావడం ఆ ఒక్క శీర్షికలోనే కళ్లకు కడుతుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు పేరులో ఇక తెలుగే ఉంది. భాషకు ఆ పేరు పోయింది గానీ దక్షిణ ధ్రువం వైపు దీవుల్లో ఉండే జెంటూ పెంగ్విన్‌కు మిగిలింది. దాని తల మీది తెల్లని పట్టీ తలపాగాలా ఉన్నందువల్ల ఆ పేరు వచ్చిందనే కథ కూడా ‘పాష్’ కథ వంటిదే, ఊహ తప్ప రుజువు లేదు.

‘తెలింగా’ కథ మరీ విడ్డూరం. ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు వైపు నుంచి బెంగాలుకు తీసుకువెళ్లిన సిపాయిలను అక్కడ ఆ పేరుతో పిలిచారు. తర్వాత ఇంగ్లీషు పద్ధతిలో కవాతు నేర్చిన దేశీయ సిపాయి ఎవరైనా తెలింగాయే అయ్యాడు. చివరికి 1857లో ఢిల్లీ జనం, ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల నుంచి వచ్చిన సిపాయిలను ‘తిలంగేలు’ అన్నారు. గోదావరి ఎటు పారుతుందో తెలియనివారికి మన తెలుగునేల పేరు తగులుకుంది. ఈ రెండు మాటలూ యూల్, బర్నెల్ కూర్చిన 1886 నాటి ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువులో ఎవరు, ఎప్పుడు, ఎలా వాడారో చూపే ఉల్లేఖనలతో సహా ఉన్నాయి. పందికొక్కు ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయిన వైనం కూడా అందులోనే ఉంది, కాకపోతే ఆ మాట ఇంకా బతికే ఉంది.

కాబట్టి నా మనవి ఇది. ప్రతి మాట కింద అది కనిపించిన రచన, సంవత్సరం, వీలైతే ఆ వాక్యానికి తెలుగు, ఒకటి రెండు పంక్తుల్లో ఇవ్వండి. పుట్టుక తేలని మాటకు తేలలేదనే రాయండి. ఒక వారం జెంటూకు, మరో వారం తెలింగాకు కేటాయించండి. చోటు చాలదంటే, వారానికి ఐదు మాటలకు బదులు రెండే ఇచ్చినా చదవడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం