పిల్లలు తక్కువని సార్లను తీసేస్తారా?

మహారాష్ట్రలోని సిరొంచా లాంటి మారుమూల తాలూకాల్లో చిన్న ప్రభుత్వ హైస్కూళ్లకు తలలు లెక్కబెట్టి సార్లను ఇచ్చే పద్ధతి మారాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 15న ఇచ్చిన సంచ్ మాన్యత (బడికి ఎన్ని టీచర్ పోస్టులో ఖరారు చేసే) ఉత్తర్వు ప్రకారం పై తరగతుల్లో పిల్లలు 20 మందికి తగ్గితే టీచర్ పోస్టే మంజూరు కాదు. పుణేలో ఈ లెక్క నడుస్తుందేమో, అక్కడ ఒక బడి పోతే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. ఇక్కడ ఊరికీ ఊరికీ నడుమ అడవి, వాగులు. వాగు పొంగిందంటే బస్సు బంద్. నేను చూసిన ఒక హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారు. బోర్డు మీద నడుమ గీత గీసి ఎడమవైపు తొమ్మిదికి బీజగణితం, కుడివైపు పదికి రేఖాగణితం. ఆ లెక్కలు చెప్పేదేమో మరాఠీ భాష సారు! ఇంట్లో తెలుగో, ఇక్కడి గిరిజన భాష మాడియానో మాట్లాడే పిల్లలకు డౌట్ వస్తే అడగడానికే మొహమాటం. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే కాబట్టి ఎనిమిది దాటాక గట్టిగా అడగడానికీ లేదు. మానవ్ వికాస్ అనే ప్రభుత్వ పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తున్నారు, మంచిదే, కానీ తొక్కుకుంటూ పోయిన చోట లెక్కల సారు ఉండాలి కదా. గడ్చిరోలి లాంటి జిల్లాలకు ఆ 20 మంది నిబంధన సడలించి, పిల్లల సంఖ్యతో పని లేకుండా ప్రతి హైస్కూలుకు లెక్కలు, సైన్సు, భాషలకు వేర్వేరు పోస్టులు ఇవ్వాలి. వాటిలో స్థానికంగా బీఎడ్ చేసి, తెలుగు, మరాఠీ రెండూ వచ్చినవారిని జూన్‌లో బడి తెరిచేలోపే నియమించాలి.

– ఒక పాఠకుడు, సిరొంచా, గడ్చిరోలి జిల్లా