అంచనాలో పదో వంతు తగ్గించమన్న సంగతి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మూడంతస్తుల ఇంటికి నువ్వు కట్టిన అంచనా చూస్తే ఇంటివారు జంకుతారేమోనని, మొత్తంలో పదో వంతు తగ్గించి మళ్లీ తెమ్మని మీ ఆఫీసు పెద్దాయన అన్నారని, ఎక్కడ తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పలేదని రాశావు. నా అభ్యంతరమంతా ఆ చివరి మాట దగ్గరే ఉంది. గదుల కొలతలు తగ్గించినా, గచ్చు రకం మార్చినా, పై అంతస్తు తరువాత కట్టుకుందామన్నా అంచనా నిజంగానే తగ్గుతుంది, ఆ తగ్గింపు ఇంటివారికి తెలిసే జరుగుతుంది. పనంతా అలాగే ఉంచి అంకె మాత్రం మారిస్తే ఆ ఖర్చు ఎక్కడికీ పోదు, గోడలు లేచాక బయటపడుతుంది. అప్పటికి ఇంటివారికి మానుకునే దారి ఉండదు.

ఈ సంగతి నాకు ఒక ఇంటి పునాది నేర్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్క స్థలంలో గట్టి నేల 1.2 మీటర్ల లోతునే తగిలిందన్న మాట నమ్మి, పరీక్ష గుంత తీయించకుండానే ఆ లోతుకు లెక్క కట్టాను. తవ్వడం మొదలుపెట్టాక చూస్తే అది ఎప్పుడో పూడ్చిన నేల. పెంకు ముక్కలు, బూడిద, నల్లటి వదులు మట్టి పైకి వస్తూనే ఉన్నాయి. గట్టి నేల 1.8 మీటర్ల దగ్గర దొరికింది. ఒక్క తవ్వకమే ఒకటిన్నర రెట్లయింది, దానితోపాటు పునాది కట్టుబడి, అటూ ఇటూ మట్టి నింపడం, మిగిలిన మట్టి తరలించడం అన్నీ పెరిగాయి. పునాదిలో పోయిన డబ్బు పైన కనిపించదు కదా! ఆ ఇంటివారు కిటికీలకు గోనెపట్టాలు కట్టుకుని, పూత లేని గోడల మధ్య రెండేళ్లు కాపురం చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నీ లెక్కలో ఇనుము కాగితం మాత్రం మరోసారి చూడు. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలోలని సరిగ్గానే వేశావు కాని, ఒక కడ్డీ చివర మరో కడ్డీ మీదికి వచ్చేలా జతచేసే అతుకులు లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించలేదు. అతుకు పొడవు కడ్డీ వ్యాసానికి 50 రెట్లు అనుకుంటే ఒక్కో అతుకు దగ్గర 60 సెంటీమీటర్ల కడ్డీ, అంటే అర కిలోకు పైగా ఇనుము అదనంగా పడుతుంది. అలాంటి అతుకులు స్తంభాల్లో, దూలాల్లో, పైకప్పులో ఎన్ని వస్తాయో నువ్వే లెక్కపెట్టుకో. ఇసుక సంగతీ అంతే. కొద్దిపాటి తేమ ఉన్న ఇసుక నూటికి 25 పాళ్ల వరకు, సన్నదైతే ఇంకా ఎక్కువ, ఉబ్బి కనిపిస్తుంది కనుక బండి నిండుగా ఉందని మోసపోకూడదు.

పెద్ద కట్టడాలకూ ఈ తిప్పలు తప్పలేదు. సిడ్నీ ఒపేరా హౌస్ 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లలో పూర్తవుతుందన్నారు, 1973లో తెరిచేసరికి 10 కోట్ల 20 లక్షలయింది. గవ్వల్లాంటి ఆ పైకప్పును ఎలా కట్టాలో తేలకముందే 1959లో పని మొదలుపెట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. పైకప్పు బరువు తేలాక, అప్పటికే కట్టిన స్తంభాలు కొన్ని చాలవని తెలిసి మళ్లీ కట్టాల్సి వచ్చింది. నక్షా పూర్తికాని పనికి ఎంత నేర్పరి అయినా కచ్చితమైన అంకె చెప్పలేడు.

అనుకోని ఖర్చుల కింద నువ్వు వేసిన నూటికి 5 పాళ్లు తీసేయవద్దు. దాన్ని ఒక్కో రేటులో కొంచెం కొంచెం కలిపి దాచమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు కూడా. (నేనూ ఒకప్పుడు అలా దాచినవాడినే, తరువాత ఏ రేటు నిజమో నాకే తెలియకుండా పోయింది.) విడిగా, పేరు పెట్టి చూపిస్తే, మిగిలినప్పుడు అది తమ డబ్బేనని ఇంటివారికి తెలుస్తుంది.

రేపు మీ పెద్దాయన దగ్గరకు రెండు కాగితాలు తీసుకుని వెళ్లు. మొదటిది ఇప్పుడున్న అంచనా. రెండోదానిలో ఏయే పని తగ్గిస్తే ఎంత తగ్గుతుందో వరుసగా రాయి, ఎంపిక ఇంటివారు చేసుకుంటారు. అన్నట్టు, ఆ స్థలంలో పరీక్ష గుంతలు తీయించారో లేదో నువ్వు రాయలేదు. తీసి ఉంటే ఎన్ని మీటర్ల దగ్గర ఏ మట్టి తగిలిందో వెంటనే తెలియజేయి.

ఇట్లు,
మీ నాన్న