జ్వరం లేని న్యుమోనియా

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే న్యుమోనియా మీద కనిపించే హెచ్చరికలన్నీ జ్వరం, దగ్గుతోనే మొదలవుతాయి. మా ఇంట్లో అది ఆ రెండూ లేకుండానే వచ్చింది.

మా అమ్మకు 78 ఏళ్లు. కిందటి పుష్యమాసంలో ఓ రోజు అన్నం రెండు ముద్దలు కలిపి, తినకుండా కంచం వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడు బాత్రూమ్ గుమ్మం దగ్గర తూలి పడింది. సాయంత్రం నన్ను చూసి, ఎప్పుడో పోయిన మా మేనమామ అనుకుని "బండి కట్టావా?" అంది. ఒళ్లు చల్లగా ఉంది, దగ్గు లేదు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసానికని సెలైన్ ఎక్కించాడు. మూడో రోజు, కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ బీరువాలోంచి తీసి వేలికి పెడితే ఆక్సిజన్ 86కి పడిపోయినట్టు చూపించింది. ఎక్స్‌రే తీశాక గానీ న్యుమోనియా అని తేలలేదు.

అంతకు ముందు ఏడు 22 ఏళ్ల మా అబ్బాయికీ ఇదే జబ్బు. రెండు రగ్గులు కప్పినా ఆగని వణుకు, 103 జ్వరం, ఊపిరి పీలిస్తే పక్కలో పోటు, తుప్పు రంగు కఫం. ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాం. వయసు మళ్లిన ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి జ్వరం పైకి రాకపోవచ్చని, మతిలేని మాటలే మొదటి గుర్తు కావచ్చని అమ్మ విషయంలో డాక్టరు చెప్పాకే తెలిసింది. పైగా మోకాళ్ల నొప్పులకని ఆవిడ రోజూ పారాసిటమాల్ వేసుకుంటుంది. కాస్తో కూస్తో జ్వరం ఉన్నా దాని చాటున దాగిపోతుందట.

న్యుమోనియాను పసిగట్టడానికి పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం ఆశా కార్యకర్తలకు నేర్పారు. ఆ జబ్బు రాకుండా పిల్లలకు వేసే న్యుమోకోకల్ టీకా 2017లో మన దేశంలో మొదలై, 2021లో అన్ని రాష్ట్రాలకూ ఉచితంగా అందింది. మంచిదే. మరి పెద్దవాళ్లకో? టీకా కావాలంటే వేలు పోసి కొనుక్కోవాలి. అదెలా ఉన్నా, బీపీ, షుగర్ చూడటానికి ఇంటికొచ్చే సిబ్బంది చేతికి ఓ ఆక్సీమీటర్ ఇచ్చి, ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టమంటే పెద్ద ఖర్చేం కాదు. నిమిషానికి 30కి చేరితే జబ్బు ముదిరినట్టే. తిండి మానేశారా, పడిపోయారా, మాట తేడాగా ఉందా అని ఇంట్లోవాళ్లను అడగడానికైతే ఆ ఖర్చు కూడా లేదు.

ఆరోగ్య శాఖ వేసే పోస్టర్లలో దగ్గుతున్న తాత పక్కన, కంచం ముందు పలక్కుండా కూర్చున్న అమ్మమ్మ బొమ్మ కూడా వేయించాలని కోరుతున్నాను.

– ఓ పాఠకుడు, తెనాలి