సాంబారులో బల్లి పడలేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రతి నెలా ఈ ఉత్తరం ఫీజుల మాటతో మొదలయ్యేది. ఈసారి బల్లితో మొదలుపెట్టక తప్పడం లేదు.

పోయిన శనివారం తొమ్మిదో తరగతి పిల్లలు 58 మందిని కార్తీక వనభోజనాలకు చంద్రగిరి తీసుకెళ్లాం. పొద్దున కోట చూశారు, మధ్యాహ్నం ఒకటిన్నరకు తోటలో భోంచేశారు. నాలుగింటికి తిరిగి బయల్దేరితే, బస్సు తుమ్మలగుంట చేరకముందే ఒకరి వెనక ఒకరికి వాంతులు మొదలయ్యాయి. మొత్తం 14 మంది. ఇద్దరికి సెలైన్ పెట్టాల్సి వచ్చింది, మిగతావాళ్లు రాత్రికే తేరుకున్నారు. మంగళవారానికి అందరూ క్లాసులో ఉన్నారు. ఆ సాయంత్రం మీలో చాలామంది పడిన టెన్షన్ నాకు తెలుసు. నేనూ అదే బస్సులో ఉన్నాను.

బస్సు ఇంకా స్కూలు గేటులోకి రానేలేదు, వాట్సాప్ గ్రూపులో "సాంబారులో బల్లి పడిందంట" అని వచ్చేసింది. ఆదివారం పొద్దునకి ఒక బల్లి కాస్తా రెండయ్యాయి. ఎవరో ఫోటో కూడా పంపారు. ఆ ఫోటోలో ఉన్నది అల్యూమినియం గిన్నె. మన వంటగదిలో అల్యూమినియం గిన్నె ఒక్కటి కూడా లేదు, వచ్చి చూసుకోవచ్చు. ఇంకో మాట. మన ఇళ్లలో తిరిగే బల్లికి విషం ఉండదు. దాని రెట్టలో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు గానీ, సాల్మొనెల్లా మనిషిని పడగొట్టడానికి కనీసం ఆరు గంటలు పడుతుంది. మన పిల్లలకు తిన్న రెండున్నర గంటలకే వాంతులయ్యాయి.

ఈ రెండున్నర గంటల సంగతి పట్టుకున్నది నేను కాదు, పిల్లలే. మంగళవారం సైన్సు టీచరు క్లాసులో 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పటి కథ చెప్పారు. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగారో రాసుకుని, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక్క పంపు దగ్గర తేల్చాడు కదా, ఆ కథ. పీరియడ్ అయిపోయాక ఒక అమ్మాయి లేచి "మనమూ అడుగుదామా మేడమ్" అంది. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుని, అటెండెన్సుకు తప్ప నోరు విప్పని పిల్ల. శనివారం వాంతులైనవాళ్లలో తనూ ఉంది. పాత చార్టు వెనకవైపు గీతలు కొట్టి, 58 పేర్లు రాసి, సాంబారు, అన్నం, వడ, పెరుగన్నం, ఇళ్ల నుంచి తెచ్చుకున్న ఐటమ్స్ అన్నిటికీ గడులు పెట్టింది. మరో ముగ్గురు తోడై రెండు ఇంటర్వెల్స్‌లో అందరినీ అడిగేశారు.

సాంబారు తిన్నవాళ్లు 56 మంది. తినని ఇద్దరికీ వాంతులయ్యాయి! ఒక పెద్ద క్యారియర్‌లో ఇంటి నుంచి వచ్చిన చిత్రాన్నం తిన్నవాళ్లు 15 మంది, వాళ్లలో 13 మందికి వాంతులు. లెక్కకు ఒక్కడు మాత్రం అడ్డం పడ్డాడు. చిత్రాన్నం తిననే లేదు, వాంతులు మాత్రం అయ్యాయి అంటాడు. ఆ అమ్మాయి వదల్లేదు. మూడోసారి అడిగితే, స్నేహితుడు చేయి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు వాడి ప్లేటులోంచి చెనిగ్గింజలు ఏరుకుని తిన్నానని ఒప్పుకున్నాడు. "గింజలే మేడమ్, అన్నం కాదు" అట. ఆ చార్టును నా గదిలో, రాష్ట్రస్థాయి కబడ్డీ షీల్డు పక్కన పెట్టాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను, విసుగు పుట్టించి ఉంటే క్షమించండి.

ఆ క్యారియర్ ఏ ఇంటిదో దయచేసి పిల్లలను ఆరా తీయకండి. ఆ తల్లి సోమవారం పొద్దున తనంతట తానే వచ్చి జరిగిందంతా చెప్పింది. క్లాసు పిల్లలందరికీ పెట్టాలని ఆశపడి, శుక్రవారం రాత్రి పదింటికి రెండు కిలోల అన్నం వండింది. ఫ్రిజ్‌లో చోటు లేక మూత పెట్టి గట్టు మీదే ఉంచింది. తెల్లవారుజామున లేచి తాళింపు వేసి, నిమ్మకాయ పిండి, క్యారియర్‌లో అదిమి సర్దింది. పిల్లల నోట్లోకి వెళ్లేసరికి ఆ అన్నం వయసు పదిహేను గంటలు దాటింది. శుభ్రంలో ఆమెకు వంక పెట్టలేం. గట్టు మీద రాత్రంతా అన్నం ఉంచని ఇల్లు మనలో ఎన్ని? చేతులెత్తమంటే నేనూ ఎత్తలేను.

పిల్లలను చూసిన డాక్టరుగారు చెప్పింది ఇది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాలు మామూలుగానే ఉంటాయి. (పేరు వినగానే "సీరియస్సే మేడమ్" అని క్లాసంతా నవ్వారు.) అన్నం ఉడికినా ఆ విత్తనాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం వేడికి విరగదు. అంటే పొద్దున మీరు ఎంత బాగా తాళింపు వేసినా, మైక్రోవేవ్‌లో ఎంత పొగలు కక్కించినా అది అక్కడే ఉంటుంది. తర్వాత పిండిన నిమ్మరసం కూడా దాన్ని తీసేయలేదు. వాసన రాదు, రుచి మారదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు.

"మా అవ్వ రోజూ సద్దన్నం తిని తొంభై ఏళ్లు బతికింది" అని ఒక తండ్రి ఫోన్ చేశారు. నిజమే. కానీ అవ్వ అన్నంలో నీళ్లు, మజ్జిగ పోసి పులియబెట్టేది. ఆ పులుపులో చాలా క్రిములు పెరగలేవు. గిన్నెలో ముద్దగా వదిలేసిన అన్నం, సద్దన్నం ఒకటి కావు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. బాక్సులోకి అన్నం పొద్దునే వండండి. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పే లెక్క కూడా ఇదే. వండినది 5 డిగ్రీల కింద చల్లగానో, 60 డిగ్రీల పైన వేడిగానో ఉండాలి, ఆ మధ్యలో రెండు గంటలు మించకూడదు.

ఇక్కడ నా గోడు కొంచెం వినాలి. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం ఉంది. మన పిల్లలు బ్యాక్టీరియా బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు, పాశ్చర్ ఎవరో చెబుతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ బ్యాక్టీరియా తమ క్యారియర్‌లో కూడా ఉంటుందని మాత్రం వాళ్లకు తోచదు, ఎందుకంటే మనం ఎప్పుడూ చెప్పలేదు. అందుకే జూన్ నుంచి వారానికి ఒక పీరియడ్ "వంటింటి సైన్సు" పెట్టాను. ఐఐటీ ఫౌండేషన్ క్లాసు ఒకటి పోతోందని 11 మంది తల్లిదండ్రులు నాకు లెటర్ రాశారు. ఆ లెటర్ ఇంకా దాచుకున్నాను. చేతులు ఇరవై సెకన్లు సబ్బుతో ఎందుకు రుద్దాలో, పచ్చి చికెన్ కోసిన కత్తితో కీరా ఎందుకు కోయకూడదో, వాంతులైనవాడికి ఏం తాగించాలో తెలియని పిల్లవాడికి ఐఐటీ హాస్టల్‌లో సీటు వస్తే మాత్రం ఏం తిని బతుకుతాడు? ఆ పీరియడ్ తీసేది లేదు. వచ్చే ఏడాది ఆరో తరగతికి కూడా పెడతాను.

తాగించేది అంటే గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం చాలామంది ప్రేమగా టెట్రా ప్యాకెట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పళ్ల రుచులతో వచ్చే ఆ తీపి నీళ్లు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకరు ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాటే వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. మెడికల్ షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి ప్యాకెట్ కొనండి, దాని మీద రాసినన్ని నీళ్లలోనే మొత్తం కలపండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు, స్పూను తలగొట్టి వేసి కలపండి. కొంచెం కొంచెంగా పట్టండి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, పిల్లవాడు మగతగా ఉన్నా ఇంట్లో ఉంచుకోవద్దు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సగం మాత్ర వేసి పంపే అలవాటు కూడా మానుకుంటే మాకు చాలా సంతోషం.

అలాగే, పొద్దున వాంతులైన పిల్లలను "ఈరోజు స్లిప్ టెస్ట్ ఉంది మేడమ్" అని దింపి వెళ్లకండి. వాంతులు, విరేచనాలు ఆగిన 48 గంటల తర్వాతే పంపండి. టెస్టు మళ్లీ పెడతాం. వాటర్ బాటిల్ మూతలో రబ్బరు రింగు ఉంటుంది. ఈ రాత్రి ఒకసారి పిన్నుతో పైకి లేపి చూడండి. ఏం కనిపించిందో నాకు చెప్పనక్కర్లేదు.

మూడో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు. వానలకు కొర్లగుంట బస్సు పావుగంట ఆలస్యం. పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారం.

ఆ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు తమ చార్టు వివరిస్తారు. ఇప్పుడు వాళ్ల చేతికి థర్మామీటర్ కూడా వచ్చింది. లంచ్ బెల్ కాగానే బాక్సుల్లో గుచ్చి, పక్కన బాక్సు కట్టిన టైం రాసుకుంటున్నారు. నిన్న ఆ చివరి బెంచీ అమ్మాయి నా గది తలుపు దగ్గర నిలబడి "మీ క్యారియర్ ఎన్నింటికి కట్టారు మేడమ్?" అని అడిగింది. ఆరున్నరకు అన్నాను. 38 డిగ్రీలు. ఎర్ర ఇంకుతో రాసుకుని వెళ్లిపోయింది.

వనభోజనాల్లో మర్చిపోయిన స్టీలు క్యారియర్లు ఐదు, మూతలు ఏడు ఆఫీసులో ఉన్నాయి. కడిగే పెట్టాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు